కొల్లేటి గట్ల మీద గింజల నూనె

ఏలూరు స్టేషన్‌లో రైలు దిగేసరికి ఇంకా తెల్లవారలేదు. 2024 ఫిబ్రవరి మొదటి వారం. ప్లాట్‌ఫారం చివర టీ కొట్టు యజమాని పాలు కాచుతున్నాడు. మంచు తెర వెనుక పట్టణం నిద్రలోనే ఉన్నది. మేము ముగ్గురం. ఒకరు మా ప్రయోగశాలకు చెందిన రసాయన శాస్త్రజ్ఞురాలు, ఒకరు సంస్థలో చేరి మూడేళ్లయిన యువ ఇంజనీరు, మూడవవారు ఉద్యోగ విరమణకు నాలుగేళ్ల దూరంలో ఉండి ఈ వ్యాసం వ్రాస్తున్నవారు.

మా చేతిసంచిలో ఒక ముసాయిదా పత్రం ఉన్నది. పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్లలో ఖనిజ తైలానికి బదులు వృక్షసంబంధమైన నూనెను వాడే విషయమై కొనుగోలుదారులకు అందజేయవలసిన పరిచయ పత్రమది. వ్రాసినవాడు మా యువ మిత్రుడు. భాష బాగున్నది, అంకెలు సరిగానే ఉన్నవి. కాని మూడవ పేరాలో ఒక వాక్యం మా కంటికి ముల్లులా తగిలింది: "ఈ నూనె ఒలికినను నేలకు, నీటికి, జీవులకు ఎట్టి హానియు కలుగదు." ఆ వాక్యం మీద సంతకం చేయడానికి ముందు, ట్రాన్స్‌ఫార్మర్లు నీటి మీదకు వంగి నిలబడిన చోటు ఒకటి చూసి రావాలని అనిపించింది. అటువంటి చోటు వెదకడానికి మన రాష్ట్రంలో దూరం పోనక్కరలేదు. కొల్లేరు పరిసరాల్లోని చేపల, రొయ్యల చెరువుల గట్లే చాలు.

విద్యుత్ విభాగంతో పరిచయం లేని పాఠకుల కోసం రెండు మాటలు. ట్రాన్స్‌ఫార్మర్ తొట్టెలోని నూనె రెండు కొలువులు చేస్తుంది. తీగచుట్టల మధ్య విద్యుత్తు దూకకుండా అడ్డు నిలవడం ఒకటి. ఆ చుట్టలలో పుట్టిన వేడిని మోసుకొని పైకి లేచి, పక్కనున్న గొట్టాలలో చల్లబడి, మళ్లీ అడుగుకు దిగడం రెండవది. పంపు లేదు, మోటారు లేదు. కుండలో పప్పు ఉడికేటప్పుడు నీళ్లు తిరిగినట్లు నూనె తనంత తానే తిరుగుతుంది. ఈ పని వంద సంవత్సరాలకు పైగా ముడిచమురు నుండి తీసిన ఖనిజ తైలం చేస్తున్నది. దాని లోపమల్లా నిప్పు. సుమారు 170 డిగ్రీల సెల్సియస్ వద్ద అది అంటుకొని ఆరకుండా మండుతుంది. సోయా, పొద్దుతిరుగుడు వంటి గింజల నుండి శుద్ధి చేసిన నూనెకు ఆ స్థాయి సుమారు 350 డిగ్రీలు. 300 దాటిన ద్రవాలను అంతర్జాతీయ ప్రమాణాలలో కె-తరగతి అంటారు. మన దేశంలో ఖనిజ తైలానికి ఐఎస్ 335 ఉన్నట్లే, ఈ వృక్ష తైలాలకు 2017లో ఐఎస్ 16659 వచ్చింది.

ఏలూరులో ముఖప్రక్షాళనాదులు ముగించుకొని ముందుగా ఉత్తరంగా పెదవేగి వైపు వెళ్లాము. శాలంకాయనులకు, తూర్పు చాళుక్యులకు రాజధాని అయిన వేంగి ఇదే. నేడు ఇక్కడ పామాయిల్ తోటలున్నవి. ఆయిల్‌పామ్ పరిశోధనకు జాతీయ స్థాయి సంస్థ కూడ ఈ ఊళ్లోనే ఉన్నది. తోటల నడుమ ఒక మిల్లు దగ్గర గాజు సీసాలో ముడి పామాయిల్ చూపించారు. ఎర్రగా, సగం గడ్డకట్టి, సీసా వంచితే అయిష్టంగా జారుతున్నది. మా యువ మిత్రుడు ఆ సీసాను చాలాసేపు పట్టుకొని చూశాడు. పరిచయ పత్రంలో చేరని సంగతి ఒకటి ఆ సీసాలో ఉన్నది.

పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్తమైన కొవ్వు. అందుచేత గాలికి త్వరగా చెడదు, కాని చలికి గడ్డకడుతుంది. గడ్డకట్టిన నూనె తొట్టెలో తిరగలేదు, వేడిని మోయలేదు. సోయా, పొద్దుతిరుగుడు నూనెలు ఇందుకు వ్యతిరేకం. చలిలోనూ పలుచగా ఉంటవి, కాని గాలి తగిలితే జిగురు కడతవి. వంటింట్లో పొయ్యి వెనుక గోడ మీద నూనె తుంపరలు ఏడాదికి తుడిస్తే రాని జిడ్డుగా మారడం గృహిణులకు తెలిసిన విషయమే. అవిసె నూనెలో ఈ గుణం మరీ ఎక్కువ. రంగుల్లోను, వార్నిషులోను దానిని వాడేది అందుకే. జపానువారు పామాయిల్ కొవ్వు ఆమ్లాలను రసాయనికంగా మార్చి, ఖనిజ తైలం కంటె పలుచని ద్రవం చేసి ట్రాన్స్‌ఫార్మర్లలో వాడుతున్నారు. తక్కిన దేశాలలో ఎక్కువగా గింజల నూనెకే ఆక్సీకరణను అడ్డుకొనే మందులు కలిపి, గాలి చొరని మూసిన తొట్టెలో పోసి వాడతారు. సిలికాజెల్ డబ్బా ద్వారా ఊపిరి పీల్చే మన మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌లో పాత నూనె తీసి దీనిని పోస్తే సరిపోదు. మిల్లు నుండి తిరిగి వస్తూ, కానుగ నూనె సంగతి కూడ మాట్లాడుకున్నాము. అది తినే నూనె కాదు గనుక వంటింటితో పోటీ లేదు. వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకొనే దేశంలో ఇది చిన్న విషయం కాదు. మన ప్రయోగశాలల్లో దాని మీద పని జరిగింది, కాని బజారుకు రావడానికి ఇంకా దూరమున్నది.

మధ్యాహ్నానికి కొల్లేరు మీదుగా కైకలూరు రోడ్డు పట్టాము. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లం ఈ సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వంటి వాగులు తెచ్చిన నీటిని నిలుపుకొని, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపుతుంది. 1999లో అభయారణ్యమైనది. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో సరస్సు గర్భంలోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వం యంత్రాలతో తెగగొట్టించింది. ఆ ఆపరేషన్ పేరెత్తితే నేటికీ ఈ ఊళ్లలో రెండు అభిప్రాయాలు వినిపిస్తవి. ఆ వివాదంలోకి మేము పోలేదు. పెదఎడ్లగాడి వంతెన మీద కారు ఆపి కాసేపు నిలబడ్డాము. గుర్రపుడెక్క ఆకుల నడుమ నాటుపడవ ఒకటి సన్నని దారి చేసుకొని పోతున్నది.

కైకలూరు ప్రక్కనే ఆటపాక. గూడబాతులు గూళ్లు కట్టుకోవడానికి నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలిపారు. ఒక్కొక్క స్టాండు మీద పదుల కొద్దీ పక్షులు, క్రింద మసకనీళ్లు, చెవులు గింగురుమనే పిల్లల అరుపు. మా శాస్త్రజ్ఞురాలు ఇక్కడే పరిచయ పత్రం మీద తొలి దెబ్బ కొట్టారు. "నూనె ఏ చెట్టుదైతే ఈకకేమి తెలుస్తుంది?" అన్నారు. నీటిపక్షి ఈకల మధ్య బంధించిన గాలి వల్ల తేలుతుంది, వెచ్చగా ఉంటుంది. ఏ నూనె అంటినా ఆ గాలి పొర చెదురుతుంది. 1991లో వేల్స్ దేశపు ఆంగిల్‌సీ తీరంలో పొద్దుతిరుగుడు నూనెతో పోతున్న కిమ్యా అనే ఓడ ఒడ్డెక్కింది. ఆ నూనె అలల తాకిడికి ఇసుకతో కలిసి సిమెంటు వంటి ముద్దలై తీరంలో పేరుకున్నది. ఆల్చిప్పల జాతి మస్సెల్ జీవులు చచ్చిపోయినవి. వంటనూనే, విషం కాదు. అయినా జరిగింది అది. మా యువ మిత్రుడు ముసాయిదాలో "జీవులకు" అన్న మాట క్రింద గీత గీశాడు.

ఆ సాయంత్రం అభయారణ్యం హద్దుకు వెలుపల, ఆకివీడు దిక్కున ఒక రొయ్యల చెరువుల గుంపుకు చేరాము. రైతు ముప్పై ఎకరాలు లీజుకు తీసుకున్నవారు, అరవై ఏళ్లవారు. "ఆయ్, రండి రండి, ఇంజనీరు గారూ. అమ్మగారూ, జాగ్రత్తండి, గట్టు జారుద్ది," అంటూ ఎదురు వచ్చారు. గట్టు కూడలిలో రెండు స్తంభాల మధ్య దిమ్మె మీద 63 కెవిఎ ట్రాన్స్‌ఫార్మర్. దానికి ఎడమ ప్రక్క చెరువు, కుడి ప్రక్క చెరువు. పది అడుగుల దూరంలో తాటాకుల కాపలా పాక, దానిని ఆనుకొని మేత బస్తాల గది. ఇంతకంటె నిప్పుకు అనువైన చోటు మేము వెదకినా కట్టలేము. గింజల నూనె పక్షాన చెప్పదగిన వాదమంతా ఆ పది అడుగులలో ఉన్నది.

మరొక విశేషం గమనించాము. పగలంతా ఈ ట్రాన్స్‌ఫార్మర్ దాదాపు ఖాళీగా ఉంటుంది. రాత్రి పదికి ఏరేటర్లన్నీ వేస్తారు, తెల్లవారే దాకా ఆపరు. అంటే పూర్తి భారం చల్లని వేళలో పడుతుంది. గింజల నూనె 40 డిగ్రీల వద్ద ఖనిజ తైలానికి మూడు నాలుగు రెట్లు చిక్కన. నెమ్మదిగా తిరుగుతుంది, చుట్టలు నాలుగు డిగ్రీలు ఎక్కువ వేడెక్కవచ్చు. అందుకు దారులు కాస్త వెడల్పు చేసి రూపకల్పన చేయాలి. అయితే చుట్టల మీది కాగితంలోని తేమను ఈ నూనె తనలోకి లాగుకొంటుంది. గది ఉష్ణోగ్రత వద్ద ఖనిజ తైలం పది లక్షల భాగాలకు అరవై భాగాల లోపే నీటిని ఇముడ్చుకొంటే, ఇది వెయ్యి భాగాల దాకా ఇముడ్చుకోగలదు. తేమ తగ్గిన కాగితం ఎక్కువ కాలం బ్రతుకుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఆయువంటే వాస్తవానికి ఆ కాగితం ఆయువే. ఈ గాలిలో, ఈ తేమలో, అది తేలికగా తీసివేయవలసిన లాభం కాదు.

రైతు గారు ఇవన్నీ ఓపికగా విన్నారు. విని, "రెండేళ్ల కిందట మా పక్క చెరువు కాడ ట్రాన్స్‌ఫారం దించేశారండి, రాగి కోసం," అన్నారు. "రాత్రి కరెంటు పోయిందనుకున్నాం. తెల్లారి చూస్తే నూనంతా చెరువులోకి ఒలికి తెట్టె కట్టేసింది. గడ్డిమోపులు తేల్చి పీల్పించాం. అయినా రొయ్య మేత ముట్టలేదు. తొంభై కౌంటులో పట్టుబడి చేసేసుకున్నామండి." కిలోకు తొంభై తూగే చిన్న రొయ్యను అమ్ముకోవడమంటే ఏమిటో ఆ ప్రాంతంలో ఎవరికీ వివరించనక్కరలేదు. తరువాత ఆయన మమ్మల్ని నిలదీశారు: "మీరు తెచ్చే నూనె తినే నూనేనంటున్నారు గదా. అది ఒలికితే రొయ్యకి ఏమీ కాదని రాసిస్తారా?"

యువ మిత్రుడు మా ముఖం వంక చూశాడు. మేము వెంటనే జవాబు చెప్పలేదు. శాస్త్రజ్ఞురాలు ఆక్సిజన్ కొలిచే మీటరు తెచ్చారు, తెల్లవారుజాము దాకా ఉండి కొలిచి చెబుతామన్నాము.

రాత్రి పాకలోనే గడిపాము. కాపలా మనిషి వేడన్నం, చింతకాయ పచ్చడి పెట్టాడు. తెల్లవారుజాము నాలుగున్నరకు ఏరేటర్ దగ్గర మీటరు లీటరుకు 4.1 మిల్లీగ్రాములు చూపింది. దూరపు మూలన 3.2. మూడు దాటి క్రిందికి పోతే రొయ్య కష్టపడుతుంది. సూర్యుడు వచ్చి నాచు పని మొదలుపెట్టే దాకా ఆ చెరువు అంచు మీద నడుస్తున్నదన్నమాట. లాంతరు వెలుగులో మేత బస్తా మీద లెక్క వేశాము. గింజల నూనె కిలో పూర్తిగా కుళ్లి కరగాలంటే సూక్ష్మజీవులకు సుమారు 2.9 కిలోల ఆక్సిజన్ కావాలి. వంద లీటర్ల నూనె ఒలికిందనుకొంటే 92 కిలోలు. కావలసిన ఆక్సిజన్ దాదాపు 265 కిలోలు. ఎకరం చెరువులో మీటరున్నర లోతు నీటిలో, లీటరుకు 5 మిల్లీగ్రాముల చొప్పున ఉన్నదంతా కలిపినా 30 కిలోలు. అనగా ఇంచుమించు తొమ్మిది ఎకరాల చెరువు శ్వాస మొత్తం ఆ నూనెకు అప్పుపడుతుంది. ఒక్క రాత్రిలో కాదు, కొన్ని వారాల మీద. ఏరేటర్లు, గాలి కొంత తీరుస్తవి. అయినా తెల్లవారుజామున 3.2 ఉన్న మూలకు ఆ కొంతే ఎక్కువ.

ఇందులోని మెలిక యువ మిత్రుడికి చటుక్కున తట్టింది. ఖనిజ తైలానికి కిలోకు ఆక్సిజన్ ఇంకా ఎక్కువ, సుమారు 3.4 కిలోలు కావాలి. కాని అది త్వరగా కుళ్లదు కనుక ఆ అప్పును నిదానంగా అడుగుతుంది. బురదలో ఏళ్ల తరబడి కూర్చుంటుంది. గింజల నూనె ప్రామాణికమైన 28 రోజుల పరీక్షలో చాలా భాగం విచ్ఛిన్నమై పోతుంది. పరిచయ పత్రంలో మేము గొప్పగా చెప్పుకొన్న ఆ గుణమే చెరువును ఆ కొద్ది వారాలు ఊపిరాడనీయదు. పంటకాలువలో, పొలంలో ఒలికితే గింజల నూనె మేలు. మరుసటి పంటకు జాడ ఉండదు. నిలవనీటి రొయ్యల చెరువులో ఒలికితే ఈ పంట పోయినా, చెరువు మిగులుతుంది. రెండింటిలో ఏది కోరుకోవాలంటే మేము గింజల నూనెనే కోరుకొంటాము. కాని "ఎట్టి హానియు" అన్న మాట మాత్రం ఆ బస్తా మీదనే చచ్చిపోయింది.

ఏరేటర్ల హోరులో అప్పటిదాకా మౌనంగా కూర్చున్న కాపలా మనిషి ఒక ప్రశ్న వేశాడు. "మరి సార్, అది వంటకి పనికొస్తదా?" మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. రాగి కోసం ట్రాన్స్‌ఫార్మర్ దించేవాడు ఖనిజ తైలాన్ని పారబోస్తాడు. వంటనూనె వాసన వచ్చే నూనెను పారబోస్తాడా? అది డబ్బాల్లోకి ఎక్కి ఏ బజ్జీల బండికి చేరుతుందో ఎవరు చెప్పగలరు? అందులో ఆక్సీకరణ నిరోధక మందులుంటవి. పాత ట్రాన్స్‌ఫార్మర్‌లో నింపినదైతే పూర్వపు నూనె అవశేషాలు ఉంటవి. వేడి మోసే ద్రవం వంటింట్లోకి రావడం ఎంత పనిచేస్తుందో ప్రపంచం ఒకసారి చూసింది. 1968లో జపాన్‌లోని కిటక్యూషూలో తవుడు నూనె శుద్ధి చేసే కర్మాగారంలో, వేడి గొట్టాలలో తిరిగే పిసిబి ద్రవం కారి వంటనూనెలో కలిసింది. వేలాదిమంది చర్మవ్యాధులతో, ఇతర రోగాలతో బాధపడ్డారు. యూషో అని ఆ జబ్బుకు పేరే వచ్చింది. అదే పిసిబిని మన వృత్తివారు ట్రాన్స్‌ఫార్మర్లలో కూడ పోశారు. కారణం నిప్పంటదని. ఒక్క గుణం చూసి మురిసి తక్కినవి అడగకపోవడం మన వృత్తికి కొత్త కాదు. మన దేశం 2016 ఉత్తర్వుతో పిసిబి తయారీని, దిగుమతిని నిషేధించి, వాడకానికి 2025 డిసెంబరు 31ని గడువుగా పెట్టింది.

"పనికిరాదు నాయనా, దీపానికి కూడ వద్దు," అని అతనికి గట్టిగా చెప్పాము. మరొక సంగతి కూడ చెప్పాము. ఈ నూనె తుడిచిన గుడ్డలను పాక మూల కుప్పగా పడేయరాదు. గాలి తగిలి లోలోపల వేడెక్కి, ఎవరూ ముట్టించకుండానే రాజుకోవచ్చు. 350 డిగ్రీల నూనె తాటాకుల క్రింద గుడ్డపేలికల్లో అంటుకొన్నదంటే నమ్మడానికి కష్టంగా ఉంటుంది, కాని తొట్టెలోని నూనె వేరు, పేలికల మీద పలుచగా పరుచుకొన్న నూనె వేరు.

సూర్యోదయానికి ముసాయిదా మూడవ పేరాను కొట్టివేసి తిరగవ్రాశాము. మూసిన తొట్టె ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె చుట్టూ ఒలికిన నూనె అంతా పట్టే తొట్టి గోడ కట్టాలి. నూనెకు విభిన్నమైన రంగు కలిపి, తొట్టె మీద "తినరాదు" అని తెలుగులో పెద్దక్షరాలతో వ్రాయాలి. తుడిచిన పేలికలను మూతగల ఇనుపడబ్బాలో వేయాలి. నిలవనీటి సమీపంలో ఒలికితే వెంటనే ఏరేటర్లు ఆపకుండా నడుపుతూ తెట్టెను గడ్డితో తీయాలి. యువ మిత్రుడు చివరి అంశాన్ని రైతు గారి మాటల్లోనే వ్రాశాడు. పేరా పూర్వపు దాని కంటె మూడు రెట్లు పెరిగింది. అమ్మకాల విభాగంవారికి నచ్చదని మాకు తెలుసు.

రైతు గారికి చదివి వినిపించాము. ఆయన సాంతం విని, తలపాగా సర్దుకొని, "ఇదంతా బానే ఉందండి. నన్నడిగితే అసలు గట్టు మీద పెట్టొద్దు. రోడ్డు వారన పెట్టించండి, అక్కడ నుంచి తీగ ఖర్చు మేం పెట్టుకుంటాం," అన్నారు. యువ మిత్రుడు టేపు తీసుకొని గట్టు వెంట బయలుదేరాడు. రోడ్డుకు 140 మీటర్లు వచ్చింది. అంత పొడవున లోవోల్టేజి తీగలో నష్టమెంతో, ఏరేటర్ మోటార్లకు వోల్టేజి చాలుతుందో లేదో రైలులో లెక్కవేద్దామనుకొని, మేము కైకలూరు స్టేషన్‌కు బయలుదేరాము.